బ్యానర్‌తో విహారయాత్ర

ఈ రోజు మా ఆరో తరగతి పిల్లలను శామీర్‌పేట చెరువుకు తీసుకెళ్లాను. పక్షులను చూసి, బొమ్మలు గీసి, నలుగురిలో వాటి గురించి మాట్లాడటం నేర్చుకుంటారని నా ఆశ. హెడ్‌మాస్టరు గారేమో 'ప్రకృతిని కళ్లారా చూద్దాం' అన్న బ్యానర్ చేతికిచ్చి పంపారు. చెరువు దగ్గర దిగింది మొదలు గంటసేపు ఫొటోల కోసం ఆయన ఫోన్లే.

"బ్యానర్ వంకరొచ్చింది మేడమ్, జల్దీ ఇంకో ఫొటో తీసి పంపుండ్రి. పిల్లలను జర నవ్వమనుండ్రి!"

అంతలో టైమైందని బస్సు డ్రైవర్ హారన్ కొట్టాడు. తిరుగు దారిలో అడిగాను.

"ఎన్ని కొంగలు చూసినవే శ్రావణీ?"

"నేను బ్యానర్ కొస పట్టుకున్న గద టీచర్. చెరువు మా ఎనుక ఉండె."

ఇప్పుడే హెడ్‌మాస్టరు గారి మెసేజ్ వచ్చింది. చూసిన పక్షుల మీద రేపు పిల్లలతో వ్యాసం రాయించాలట. వీపుతో చూసినవాటిని ఎలా రాయించాలో మీరే చెప్పండి!