మోకాళ్ళు వంచేవాళ్ళని కొలిచిన మనిషి

వాల్దెకార్దోస్ ఊళ్ళో ముప్పై ఒక్క ఏళ్ళు పంచాయతీ బంట్రోతుగా పనిచేసిన ఎవుతీమియోకి లోకంలో గౌరవం ఉన్నది ఒక్కదాని మీదే. మీటరు. మనుషులన్నా, అధికారులన్నా, ముఖ్యంగా సైన్యమన్నా అతనికి చులకనే.

ఆ చులకన ఊరికే రాలేదు. స్పెయిన్‌లో ఈడొచ్చిన ప్రతి మగపిల్లవాడూ ఏడాదికి పైగా సైన్యంలో ఊడిగం చేసి తీరాలన్న చట్టం ఉన్నన్నాళ్ళూ, ఏటా ఒక ఆదివారం పొద్దున ఆ ఏటి కుర్రాళ్ళని పంచాయతీ హాల్లో చెడ్డీలతో నిలబెట్టి కొలిచింది అతనే. గోడకి ఆనించిన నిలువు చెక్క, దాని మీద జారే అడ్డపలక. పలకని నెత్తికి ఆనించి, వీధిలోకి వినపడేలా అంకె అరిచేవాడు. గుమాస్తా రాసుకునేవాడు. ముందురోజంతా ఆ కుర్రాళ్ళే ఇల్లిల్లూ తిరిగి గుడ్లూ, ఎర్రమిరప దట్టించిన పంది సాసేజీలూ దండుకుని, తాగి, 'ఈ ఏటి కింతోలు వర్ధిల్లాలి' అని ఊరి గోడల నిండా సున్నంతో రాసేవారు. కింతోలంటే ఆ ఏడు సైన్యానికి పోయే జట్టు. తెల్లారేసరికి ఆ వీరులే అతని ముందు మోకాళ్ళు వంచేవారు.

మరీ పొట్టివాడు సైన్యానికి అక్కర్లేదు గదా! అందుకని ఒకడు ముందురోజంతా గోధుమ బస్తా మోసుకు తిరిగి వెన్ను కుదించుకుని వచ్చేవాడు. ఇంకొకడు మెడని భుజాల్లోకి దింపుకుని తాబేలులా నిలబడేవాడు. పొలాలున్న ఆసామి అయితే కొడుకు కన్నా ముందు ఒక ఎండబెట్టిన పంది తొడని పంపేవాడు. ఎవుతీమియో ఆ తొడ తీసుకునేవాడు, తినేవాడు, ఆ తర్వాత కుర్రాడి మోకాలి వెనక పిడికిలితో ఒక్కటి పొడిచి, నిటారుగా నిలబెట్టి, సరైన అంకే అరిచేవాడు.

"నా తొడ తిన్నావు, సిగ్గులేదట్రా నీకు?" అని ఒక తండ్రి వీధిలో నిలదీశాడు.

"తొడకేం, దివ్యంగా ఉంది. నీ కొడుక్కే ఉప్పు తగ్గింది" అన్నాడు ఎవుతీమియో.

కన్నకొడుకు ఫిదేల్‌నీ అలాగే కొలిచాడు. ఫిదేల్ సముద్రం దాటి, ఆఫ్రికా ఒడ్డున స్పెయిన్ ఏలుబడిలో ఉన్న మెలీయా వెళ్ళి పదిహేను నెలలు దేశసేవ చేసి వచ్చాడు. ఆ సేవ ఏమిటయ్యా అంటే, ఒక కల్నల్‌గారి ఆయాసపు కుక్కని రెండు పూటలా షికారు తిప్పడం. "నా ఎత్తు ఎందుకు కొలిచారో తెలీలేదు నాన్నా, ఆ కుక్క నా పిక్కలంత కూడా లేదు" అన్నాడు ఇంటికొచ్చి. తండ్రి ఆ మాట జన్మలో మరిచిపోలేదు.

కొన్నాళ్ళకి ఆ చట్టం పోయింది. ఇష్టమున్నవాళ్ళే చేరండి, జీతమిస్తాం అంది ప్రభుత్వం. గడపగడపకీ రంగు కాగితాలు రావడం మొదలైంది. వాటి మీద విమానాలు, నవ్వుతున్న ఆడపిల్లలు.

"నిన్నటిదాకా మెడబట్టి ఈడ్చుకెళ్ళిన సన్నాసులు ఇవాళ గుమ్మంలో నిలబడి పళ్ళికిలిస్తున్నారు" అని ఎవుతీమియో ఆ కాగితాల్లో చేప తలకాయలు చుట్టి పారేసేవాడు.

అలాంటి కాగితమే ఒకటి పట్టుకుని ఫిదేల్ కూతురు నొయేలియా వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ళది. కోళ్ళ కబేళాలో పని, అదీ మూడు నెలలకోసారి తీసేసి, బుద్ధిపుడితే మళ్ళీ పెట్టుకునే పని.

"తాతా, నన్ను పొడుగు చెయ్యి."

"ఏం చెయ్యాలి?"

"మీటరు యాభై అయిదు ఉండాలంట. నేను యాభై నాలుగే. గురువారం రమ్మన్నారు."

ఎవుతీమియో దగ్గొచ్చేదాకా నవ్వాడు. "ముప్పై ఒక్కేళ్ళు అందరూ పొట్టి చెయ్యమనే వచ్చారు నా దగ్గరికి. సాగదియ్యమని వచ్చింది నువ్వొక్కదానివేనే! ఏం, ఆ కల్నల్ కుక్కకి మనవలు పుట్టాయా?"

"కుక్కే నయం తాతా. కోడీకలు పీకీ పీకీ నా గోళ్ళు చూడు. అక్కడ ట్రక్కుల మెకానిక్కు పని నేర్పుతారంట. సంతకమైతే మూడేళ్ళు నన్నెవడూ తీసెయ్యలేడు."

"తీసెయ్యరు. ఎక్కడికో తోలేస్తారు."

"సాయం చేస్తావా, తిడుతూ కూర్చుంటావా?"

"తిడుతూ చేస్తా."

కుంగే విద్యలన్నీ తెలిసినవాడికి సాగే విద్య తెలియదా? పడుకుని లేచిన మనిషి పొద్దున కాస్త పొడుగు, నడిచేకొద్దీ పొట్టి. అందుకని గురువారం పొద్దున నొయేలియాని కాలు నేల మీద పెట్టనివ్వలేదు. రొట్టెల వ్యాను నడిపే సెవెరీనో, తనూ కలిసి దుప్పటితో సహా మంచం మీంచి ఎత్తి, వ్యానులో రొట్టెల అరల మధ్య వెల్లకిలా పడుకోబెట్టారు. ఎదురింటావిడ గుమ్మంలో శిలువ గుర్తు వేసుకుంది.

"అయ్యో, ఎవరు పోయారు ఎవుతీమియో?"

"స్పెయిన్ సైన్యం పోయిందమ్మా. బతికించడానికి దీన్ని పంపిస్తున్నాం."

పట్నంలోని నియామక కార్యాలయంలో ఇరవై కుర్చీలున్నాయి, ఇద్దరే మనుషులు. నొయేలియా నెత్తిన కుండ ఉన్నట్టు మెడ కదల్చకుండా లోపలికి నడిచింది. బల్ల దగ్గర కుర్ర సార్జెంటు కాఫీ తాగుతున్నాడు.

"ఎత్తెంత?"

"మీటరు యాభై అయిదు."

సార్జెంటు రాసేసుకున్నాడు. అంతే, అయిపోయింది. తలుపు దగ్గర నిలబడ్డ ఎవుతీమియో నోరు ఊరుకోలేదు.

"కొలవవా?"

నొయేలియా వెనక్కి తిరిగి కళ్ళతోనే కాల్చింది.

"అమ్మాయి చెప్పింది గదా, పెద్దాయనా."

"చెబితే రాసేస్తావా? నోటిమాట రాసుకోడానికి సార్జెంటెందుకు, చిలక చాలదూ? లే, కొలత తియ్యి!"

సార్జెంటు విసుక్కుంటూ లేచి, అమ్మాయిని మూలనున్న కొలపట్టీ ముందు నిలబెట్టి, పలకని జుట్టు ముడి మీద ఆనించాడు. ఎవుతీమియోకి అది చూడలేక ప్రాణం పోయినంత పనైంది. అతన్ని పక్కకి నెట్టి, ముడి విప్పి, మడమలు గోడకి ఆనించి, పలక నెత్తికి తగిలేలా దింపాడు. పాత గొంతు దానంతటదే వచ్చింది.

"ఒక మీటరూ యాభై నాలుగు సెంటీమీటర్లూ, ఎనిమిది మిల్లీమీటర్లూ!"

కుర్చీల్లో ఉన్న ఇద్దరూ తలలెత్తారు. సార్జెంటు తను రాసిన కాగితం చూసుకున్నాడు, చల్లారుతున్న కాఫీ చూసుకున్నాడు.

"యాభై అయిదని రాసేశాను పెద్దాయనా. పైవాళ్ళు నన్ను మనుషులెంతమంది అని అడుగుతారు గానీ, మిల్లీమీటర్లెన్ని అని అడగరు" అని ముద్ర కొట్టి, సోమవారం శిక్షణకి బయల్దేరమని కాగితం నొయేలియా చేతికిచ్చాడు.

"థూ!" అన్నాడు ఎవుతీమియో. "ఈడ్చుకెళ్ళిన రోజుల్లో కనీసం కొలిచి ఈడ్చారు."

తిరుగు ప్రయాణంలో నొయేలియా సెవెరీనో పక్కన కూర్చుంది. తాత వెనకాల ఖాళీ అరల మధ్య.

"రెండు మిల్లీమీటర్లకి నన్ను గొయ్యిలో తోయబోయావు" అంది ఆ పిల్ల, వెనక్కి తిరక్కుండానే.

"కొలత కొలతే."

"ఆ మాట సార్జెంటుకి చెప్పు. నాకు నిజం చెప్పు తాతా. కొలత కోసం అరిచావా, నన్ను చేర్చుకోకూడదని అరిచావా?"

వ్యాను గోధుమచేల మధ్య నుంచి పోతోంది. ఎదుటివాడి మోకాలు ఎక్కడ వంగుతోందో చూపుతోనే పట్టేసిన మనిషికి, తన సంగతి తేల్చుకోవడానికి రెండు మైలురాళ్ళు దాటాల్సి వచ్చింది.

"చేర్చుకోకూడదనే."

"మరి పొద్దున మోసుకొచ్చావెందుకు?"

"చేరాలని ఏడ్చావు గదా."

నొయేలియా కిటికీ అద్దం పైదాకా ఎత్తేసింది. "సోమవారం నేను బస్సెక్కేటప్పుడు నువ్వు రావద్దు."

"రాను."

వ్యాను ఊరి మలుపు తిరిగింది. సెవెరీనో గేరు మార్చాడు.

"ఎన్నింటికి?" అన్నాడు ఎవుతీమియో.

"ఏడింటికి."