ల్యాంప్ రూం భాగ్యలక్ష్మి, ముగ్గురు రాజన్నలు

2001 వానాకాలంలో, చంద్రపూర్ పక్కనున్న ఒక భూగర్భ బొగ్గు గనిలో, రాజన్న అనే టింబర్ కార్మికుడు రాజన్న అనే మనిషి కోసం దాదాపు రెండు గంటలు వెతికాడు. వెతుకుతున్నది తననేనని అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పవలసినవారికీ తెలియదు. ఈ ఘనకార్యానికి బాధ్యురాలిగా ల్యాంప్ రూంలో పనిచేసే భాగ్యలక్ష్మి పేరు అభియోగపత్రంలోకి ఎక్కింది. నేరం రుజువైతే ఆమెను అక్కడినుంచి తీసి, బొగ్గులోంచి రాళ్ళు ఏరే బెల్టు మీదికి పంపుతారు. మరో ఏరియాలో పర్సనల్ ఆఫీసరుగా పనిచేసి రిటైరైన నన్ను విచారణాధికారిగా నియమించారు. ఇక్కడ రాసినదాంట్లో కొంత రికార్డులో ఉన్నది, కొంత సాక్షులు చెప్పినది. నేను కళ్ళారా చూసింది చివరి రోజు విచారణ, ఆ తర్వాత జరిగినది మాత్రమే.

భాగ్యలక్ష్మి తండ్రి మంథని వైపు నుంచి బొగ్గు పనికి వచ్చినవాడు. ఆమె పుట్టింది గని కాలనీలో. చదివింది మరాఠీలో ఏడో తరగతి దాకా. తెలుగు అక్షరాలు రావు, తెలుగు తిట్లకు మాత్రం లోటు లేదు. 1988లో భర్త అంజన్న కామెర్లతో పోతే ఆయన స్థానంలో ఆమెకు కొలువిచ్చారు. ఆడవాళ్ళను భూమి లోపలికి దింపరు కనుక ల్యాంప్ రూంలో వేశారు. పరామర్శకు వచ్చిన ఒక అధికారి, ఈ పనికి పెద్ద తెలివి అక్కర్లేదని ధైర్యం చెప్పాడట. ఆ మాటను ఆమె పదమూడేళ్ళు గుర్తుపెట్టుకుంది. ఆయన పేరు గుర్తుపెట్టుకోవలసినంత అవసరం రాలేదని నాతో అంది.

ల్యాంప్ రూం పని ఇదీ. గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరు చెక్కిన ఒక ఇత్తడి బిళ్ళ ఉంటాయి. దిగే ముందు కిటికీ దగ్గర బిళ్ళ ఇచ్చి, టోపీకి తగిలించుకునే దీపం తీసుకుంటాడు. ఆ బిళ్ళను బోర్డు మీద అతని మేకుకు వేలాడదీస్తారు. పైకి వచ్చి దీపం ఇచ్చినప్పుడు బిళ్ళ తిరిగి ఇస్తారు. మేకుకు బిళ్ళ ఉంటే మనిషి కింద ఉన్నాడు, లేకపోతే లేడు. పైకప్పు కూలినరోజున ఎవరెవరు లోపల ఉన్నారో చెప్పగలిగేది ఆ బోర్డు ఒక్కటే. ఒకసారి గని లోపల పని చేయించే ఒక ఓవర్‌మాన్ బిళ్ళ ఇంట్లో మరిచిపోయి, హోదా చూపించి దీపం అడిగితే ఆమె ఇచ్చిన జవాబును గనిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"బిళ్ళ లేకుంట దీపమియ్య. ఇంట్ల దొరవైతే ఇంట్లనే ఉండు."

ఆయన ఇంటికి వెళ్ళి బిళ్ళ తెచ్చుకున్నాడు.

ఆర్థిక సంస్కరణలు మా శాఖకు కాస్త ఆలస్యంగా, పేరు బోర్డు మార్చే రూపంలో చేరాయి. పర్సనల్ డిపార్ట్‌మెంట్ ఒక సోమవారం ఉదయానికి హ్యూమన్ రిసోర్సెస్ డిపార్ట్‌మెంట్ అయింది. లోపల కుర్చీలు, కుర్చీల్లో మనుషులు, మనుషుల నిద్ర ఎప్పటిలాగే ఉన్నాయి. గని మేనేజరును నాగపూర్‌లో ఒక హోటల్లో మూడు రోజుల శిక్షణకు పంపారు. కార్మికుణ్ణి నంబరుతో కాక పేరుతో పిలవాలని అక్కడ నేర్పారు. ఆ ఉద్దేశంలో నేను తప్పు పట్టను. ఇరవై ఏళ్ళు బొగ్గు తవ్విన మనిషిని నూటపన్నెండూ అని కేకేయడం మర్యాద కాదు. అయితే మేనేజరు మర్యాదను ఒక్క వారంలో అమలు చేయదలచుకున్నాడు. కాగితాల మీద నంబర్లు తీసేయించాడు. ఇత్తడి బిళ్ళలు వెనక్కి తీసుకుని, బోర్డుతో సహా స్టోర్సుకు అప్పగించాలని రాతపూర్వకంగా ఆదేశించాడు. వాటి స్థానంలో ల్యాంప్ రూంలో ఒక కంప్యూటరు పెట్టించాడు.

అందులో నడిచే వెబ్ పేజీని తయారుచేసినవాడు నాగపూర్ కుర్రాడు శ్రేయస్. ఇంటర్నెట్టు లేకపోయినా బ్రౌజరులో తెరుచుకునేది. నాలుగు వందల పైచిలుకు వరుసలు. ఒక్కో వరుసలో కార్మికుడి పేరు, తండ్రి పేరు, పని, రెండు బటన్లు. దీపం ఇచ్చినప్పుడు ఒక బటన్ నొక్కితే ఆ వరుస ఎర్రబడాలి: మనిషి లోపల ఉన్నాడు. దీపం తిరిగి వచ్చినప్పుడు రెండోది నొక్కితే పచ్చబడాలి: బయటికి వచ్చాడు. బటన్ నొక్కగానే పేజీలో దాగిన చిన్న స్క్రిప్టు ఆ మనిషి పేరు పట్టుకుని వరుసను వెతికి రంగు మారుస్తుంది.

పేరు పట్టుకుని అన్నాను. చిక్కు అక్కడే ఉంది. కార్మికులు కొలువులో చేరినప్పుడు పేర్లు రాసింది మరాఠీ గుమాస్తాలు. వాళ్ళ ఆచారంలో ముందు పేరు, తర్వాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు. మనవాళ్ళు ఇంటిపేరు ముందు చెప్పారు. ముందు చెప్పింది పేరు కాదని తేలాక గుమాస్తా దాన్ని కొట్టేశాడు. చివర చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఇక కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబాల్లో, వేములవాడ రాజన్న దేవుడికి మొక్కుకున్నాక పుట్టిన మగపిల్లవాడు రాజన్న కాకుండా తప్పించుకోవడం కష్టం. ఫలితంగా ఆ గనిలో మల్లయ్య కొడుకు రాజన్నలు ముగ్గురున్నారు. ఒకడు పైకప్పుకు దుంగలు నిలిపే టింబర్, ఒకడు బొగ్గు తొట్లు లాగే హాలేజీ, ఒకడు నీళ్ళు తోడే పంపు. ఒకరికొకరు చుట్టాలు కూడా కారు.

సంఘటన జరిగిన రోజు మూడు గంటలకు టింబర్ రాజన్న మొదటి షిఫ్టు ముగించి, దీపం ఇచ్చి, గేటు బయట ఛాయ్ హోటలుకు వెళ్ళాడు. కాసేపటికి రెండో షిఫ్టులో పంపు రాజన్న దిగాడు. నాలుగు గంటలకు షిఫ్టు ఇన్‌ఛార్జి తెర చూస్తే టింబర్ రాజన్న వరుస ఎర్రగా ఉంది. మొదటి షిఫ్టు మనిషి ఇంకా పైకి రాలేదని దాని అర్థం. అతను బయటికి పోయాడని భాగ్యలక్ష్మి చెప్పింది. ఎట్లా తెలుసని ఇన్‌ఛార్జి అడిగాడు. ఆమె జవాబు చెప్పలేదు. కంప్యూటరు కంటే నీకెక్కువ తెలుసా అని ఆయన సైరన్ మోగించాడు.

సైరన్ విని ఛాయ్ వదిలి పరుగెత్తుకొచ్చిన వాళ్ళలో టింబర్ రాజన్న మొదటివాడు. రాజన్న తప్పిపోయాడని విని, పంపు రాజన్నకేమో అయిందనుకుని, ల్యాంప్ రూం కిటికీ దాకా పోకుండా, గాలింపు బృందం కోసం విడిగా ఉంచే దీపం ఒకటి తీసుకుని, వాళ్ళతో పాటు దిగాడు. ఆరుగురు మనుషులు, బొగ్గు కోత ఆపించి, చీకట్లో రాజన్నా రాజన్నా అని కేకలు పెట్టారు. వాళ్ళలో గట్టిగా అరిచినవాడు టింబర్ రాజన్నే అని సాక్షులందరూ ఏకగ్రీవంగా చెప్పారు. చివరికి పంపు దగ్గర నుంచి ఒక గొంతు పలికింది. పంపు రాజన్న తన మోటారు ముందు కూర్చుని తంబాకు నలుపుకుంటున్నాడు.

"నేనిప్పుడే దిగిన గదనే. నేనెక్కడ తప్పిపోయిన?" అన్నాడు.

"తప్పిపోయినోళ్ళందరు గట్లనే అంటరు. నడువు," అని టింబర్ రాజన్న అతన్ని రెక్క పట్టి లేపాడు.

పైకి తెచ్చి అతని దీపం ల్యాంప్ రూంలో తిరిగిచ్చారు. భాగ్యలక్ష్మి పంపు రాజన్న వరుసలో బటన్ నొక్కింది. తెర పైభాగాన టింబర్ రాజన్న వరుస పచ్చబడింది. తప్పిపోయిన మనిషి దొరికాడని కంప్యూటరు కూడా ధ్రువీకరించింది. మేనేజరు పేడాలు పంచాడు. ఈలోగా పంపు ఆగిపోయి కింద మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. నీళ్ళు ఎందుకు నిలిచాయని ఆరా తీసేసరికి ఎవరు ఎవరిని రక్షించారన్న ప్రశ్న లేచింది. పేడాల తీపి తగ్గేలోపు అభియోగపత్రం తయారైంది. ఆమె పంపు రాజన్నకు బదులు టింబర్ రాజన్న బటన్ నొక్కిందని ఆరోపణ.

చివరి రోజు విచారణ మేనేజరు గదిలో జరిగింది. భాగ్యలక్ష్మి తరఫున యూనియన్ మనిషి మల్లేశం కూర్చున్నాడు. కంప్యూటరును గదిలోకే తెప్పించాను. శ్రేయస్ వరుసగా పది పేర్ల పక్కన బటన్లు నొక్కాడు. పది వరుసలూ పొరపాటు లేకుండా ఎర్రబడి, పచ్చబడ్డాయి. పేజీలో లోపం లేదు కనుక లోపం వేలిలోనే ఉందని యాజమాన్యం తరఫు అధికారి ముగించాడు. నిజం చెప్పాలంటే, అప్పటికి నా ముందున్న సాక్ష్యం కూడా అటే మొగ్గింది.

అప్పుడు ఆమె నోరు విప్పింది. బల్ల కింద మల్లేశం ఆమె కాలు తొక్కడం నాకు కనబడింది.

"సారూ, ఆయన నొక్కిన పది పేర్లు ఆఫీసర్లయి. ఆఫీసర్లు ఒక్కొక్క పేరుకు ఒక్కొక్కలే ఉంటరు. మావోళ్ళ పేర్లు నొక్కమనుండ్రి. పదకొండు పేర్లున్నయ్, నేను చెప్త."

నాలుగు వందల్లో ఆ పదకొండే అని నీకెట్లా తెలుసని అడిగాను. అడగక తప్పని ప్రశ్న అది. ఇన్‌ఛార్జి అడిగినప్పుడు ఆమె మింగేసిన జవాబే దీనికీ జవాబు. మల్లేశం ఈసారి కాలు తొక్కలేదు. "ఊకో అక్కా," అని పైకే అన్నాడు. చెబితే మొదటి అభియోగం పోతుంది, రెండోది పుడుతుందని అతనికి తెలుసు. ఆమెకూ తెలుసు.

"బోర్డు స్టోర్సుకు ఇయ్యలేదు సారూ. దీపాల అల్మారెనక పెట్టిన. బిళ్ళలు గూడ నాకాడనే ఉన్నయ్. దీపమిచ్చినప్పుడల్ల నేనే తగిలిస్త, తీస్త. రెండో దినం నుంచి తెరను దానితోని సరిజూస్తున్న. పదకొండు పేర్లకాడనే తేడా వస్తున్నది. ఈ బాబుకు చెప్పిన; కంప్యూటర్ నిమ్మళంగ నడుస్తదన్నడు."

శ్రేయస్ కాదనలేదు. ఆమె చెప్పిన మొదటి పేరు, పంపు రాజన్న బటన్ నొక్కాడు. ఆ వరుసలో ఏమీ మారలేదు. మళ్ళీ నొక్కాడు, మారలేదు. ఇక అతను యాజమాన్యాన్నీ నన్నూ మరిచిపోయి పనిలో పడ్డాడు. పేజీ పూర్తిగా తయారుకాకముందే స్క్రిప్టు నడుస్తోందేమోనని దాన్ని పేజీ అడుగుకు మార్చాడు. ఫలితం లేదు. బ్రౌజరును మూసి తెరిచాడు. అదీ కాదు. చివరికి నోట్‌ప్యాడ్‌లో ఒక చిన్న వాక్యం చేర్చాడు: వరుస దొరికిన వెంటనే అది ఎన్నో వరుసో తెర మీద ఒక చిన్న పెట్టెలో చూపించమని. పంపు రాజన్నది మూడు వందల ఎనభై ఎనిమిదో వరుస. బటన్ నొక్కితే పెట్టెలో నలభై ఒకటి అని వచ్చింది. హాలేజీ రాజన్నకు నొక్కాడు. నలభై ఒకటే. తెరను పైకి జరిపితే అక్కడ టింబర్ రాజన్న ఎర్రగా ఉన్నాడు.

స్క్రిప్టు అక్కడికే ఎందుకు పోతోందో అతనికి ఇంకా బోధపడలేదు. తన పేజీలో ప్రతి వరుసకూ ఒక గుర్తు ఉందని, పేరూ తండ్రి పేరూ కలిపి దాన్ని తయారుచేశానని నాకు వివరించాడు. భాగ్యలక్ష్మి తలుపు దగ్గరున్న అటెండరు ఇస్తారిని సాక్షి రాజన్న మల్లయ్యను పిలవమంది. ఇస్తారి వరండాలోకి ఒక్క కేక పెట్టాడు. ముగ్గురు లోపలికి వచ్చారు. నేను పంపిన నోటీసు ఒకటే. దాని మీద ఉన్నది తన పేరేనని ముగ్గురూ నిజాయితీగా నమ్మి, ఆ రోజు పనికి వెళ్ళలేదు.

"సూడు బాబూ. పేరు వెట్టి పిలిస్తె గిట్లయితది. నీ కంప్యూటర్ అందరికన్న ముందు కనవడ్డోని చెయ్యి వట్టుకొని, ఇంక ఎన్కకు సూస్తలేదు."

శ్రేయస్ ముగ్గురు రాజన్నల వంకా చూసి, తర్వాత తన కోడు వంక చూశాడు. ఒక పేజీలో ఒక గుర్తు ఒక్కదానికే ఉండాలని, రెండింటికి ఒకటే ఉంటే స్క్రిప్టు మొదటిదాన్నే పట్టుకుంటుందని, ఇది తన తప్పేనని అప్పటికప్పుడు స్టేట్‌మెంటు రాసి సంతకం పెట్టాడు. నా ముప్పై నాలుగేళ్ళ సర్వీసులోనూ, రిటైరయ్యాకా, తప్పు ఒప్పుకుంటూ ఒక ఇంజనీరు చేసిన సంతకం అదొక్కటే చూశాను.

దిద్దుబాటుకు పావుగంట పట్టింది. వరుసల గుర్తులుగా పేర్లు తీసి పాత బిళ్ళ నంబర్లు పెట్టాడు. నంబర్లు వద్దన్న ఆదేశాన్ని యాజమాన్యం తరఫు అధికారి గుర్తు చేశాడు. నంబరు పేజీ లోపలే ఉంటుందని, పైకి పేరే కనిపిస్తుందని శ్రేయస్ చెప్పాడు. మానవ వనరుల గౌరవానికి భంగం కలగలేదని అందరూ తృప్తిపడ్డారు. ముగ్గురు రాజన్నలు మూడు చోట్ల ఎర్రబడ్డారు.

నా నివేదికలో మొదటి అభియోగం రుజువు కాలేదని రాశాను. బోర్డు విషయం ఆమే ఒప్పుకుంది కనుక, ఆదేశాన్ని ధిక్కరించడం రుజువైందని కూడా రాశాను. మల్లేశం నా వైపు చూసిన చూపు మర్యాదగా లేదు. కానీ ధిక్కారం మేలు చేసింది కాబట్టి అది ధిక్కారం కాదని రాసే అధికారం నాకు లేదు. కొత్త పద్ధతిని ఒక్కరోజైనా పాతదానితో సరిచూడకుండా బోర్డు తీసేయమనడం ఏ నిబంధన కిందికి వస్తుందో రికార్డులో కనబడలేదని మాత్రం ఒక పేరా చేర్చాను. ఆ ఆదేశం కింద సంతకం మేనేజరుదే. ఆయన ఆ పేరాను రెండుసార్లు చదివి, ఆమెకు రాతపూర్వకమైన హెచ్చరికతో సరిపెట్టాడు. ఆమె ల్యాంప్ రూంలోనే ఉంది. బోర్డు అల్మారా వెనక నుంచి గోడ మీదికి వచ్చింది.

హెచ్చరిక పత్రం అందుకున్నట్టు సంతకం పెడుతూ ఆమె నన్నొకటి అడిగింది. బోర్డు సంగతి తాను చెప్పకుండా ఊరుకుని ఉంటే ఏం రాసేవారని. ఉన్న సాక్ష్యాన్ని బట్టి మొదటి అభియోగమే రుజువైందని రాసేవాణ్ణని దాచకుండా చెప్పాను.

"గదే సారూ, నేను లెక్క జూసుకున్న. చెప్పకుంటె మొత్తం తప్పు, చెప్తె సగం తప్పు. సగమే అగ్గువ," అని పెన్ను నా చేతికిచ్చి, రెండో షిఫ్టుకు దీపాలివ్వడానికి వెళ్ళిపోయింది.