వెర్నా టీచర్ సరిసమానం పాఠం

అమెరికాలోని ఒమాహా నగరం దక్షిణపు పేటలో వెర్నా కుచెరా దగ్గర పౌరశాస్త్రం చదవనివాళ్లు తక్కువ. నేనూ చదివాను. ముప్పై ఎనిమిదేళ్లపాటు ఆవిడ ఏటా ఒక పాఠాన్ని పండగలా చెప్పింది: దేశాధ్యక్షుడి ఎన్నికలో ఇద్దరికీ సరిసమానంగా రెండు వందల అరవై తొమ్మిదేసి ఎలక్టోరల్ ఓట్లు వస్తే ఏం చేయాలి? అప్పుడు ప్రతినిధుల సభ ఎన్నుకుంటుంది, అయితే మనిషికో ఓటు కాదు, రాష్ట్రానికో ఓటు. "అంత పెద్ద కాలిఫోర్నియాకీ ఒకటే, గుప్పెడు జనమున్న వయోమింగ్‌కీ ఒకటే" అంటున్నప్పుడు ఆవిడ మొహం వెలిగిపోయేది. మేం ఆవలించేవాళ్లం.

ఆవిడ రిటైరైన నాలుగో ఏడు చెక్ దేశం నుంచి వచ్చి స్థిరపడిన మా కుటుంబాల సంఘానికి ఎన్నికలొచ్చాయి. ఉపాధ్యక్ష పదవి ఎవరికీ అక్కర్లేదు కాబట్టి, ఒంటరిగా ఉండే ఎనభై ఏళ్ల ఓల్గా పెశెక్‌ని పోటీ లేకుండా ఎన్నుకున్నాం. అధ్యక్ష పదవికి మాత్రం ఇద్దరు నిలబడ్డారు. ఆదివారం మధ్యాహ్నం హాల్లో పేకాట సాగాల్సిందేనన్నాడు రూడీ బోహాచ్. ఆ సమయం పిల్లల డాన్సుకి ఇవ్వాలంది డార్లీన్ హ్రూష్కా. లెక్కపెడితే చెరి ఇరవై ఒక్క ఓట్లు.

"బొమ్మా బొరుసూ వేద్దాం" అన్నాడు రూడీ.

వెర్నా లేచింది. "ఎందుకూ? రాజ్యాంగంలో దారుందిగా. ఇంటికో ఓటు. పదమూడిళ్లున్నాం, ఏడు వచ్చినవాళ్లది పదవి."

"మా ఇంట్లో పదకొండు మందిమి టీచర్‌గారూ! ఓల్గా ఒక్కత్తీ, మేమంతా సమానమా?"

"సమానమే. పదో క్లాసులో నువ్వు నిద్రపోయింది ఈ పాఠం దగ్గరే రూడీ."

హాలంతా నవ్వింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆవిడ మాటని అందరూ మెలకువగా విన్నారు. ఓల్గా చిన్న అద్దం తీసి జుట్టు సర్దుకుంది.

ఏ ఇంటివాళ్లు ఆ ఇంటివాళ్లు మాట్లాడుకుని చీటీ వేశారు. డార్లీన్‌కి ఆరు, రూడీకి ఆరు. పదమూడో చీటీ ఖాళీ. అది కుచెరా వాళ్లది.

వెర్నా మొగుడి వైపు తిరిగింది. "ఎల్డన్, డార్లీన్ అని రాద్దామన్నానుగా."

"నువ్వన్నావు. నేను రూడీ అన్నాను" అన్నాడు ఎల్డన్ నింపాదిగా. "ఒక రాష్ట్రం వాళ్లు సగం సగం చీలిపోతే దాని ఓటు లెక్కలోకి రాదని ఎవరు చెప్పారు? నువ్వేగా, రోజూ భోజనం దగ్గర."

"పేకాట కోసం రాజ్యాంగాన్ని అడ్డం పెడతావా?"

"పెట్టమన్నది నువ్వే."

మళ్లీ ఓటేశాం, మళ్లీ అంతే. మూడోసారికి గిన్నెలో సూప్ చల్లారింది. రూడీ మనుషులు ఓల్గా చుట్టూ చేరి ఆవిడ పళ్లెంలో గసగసాలు కూరిన కొలాచె బన్నులు పెట్టారు. ఓల్గా తీరిగ్గా తినేసి, మళ్లీ డార్లీన్‌కే వేసింది.

"ఇది తేలకపోతే ఏంటి టీచర్‌గారూ?" అని అడిగాను.

ఆ జవాబు వెర్నాకి తెలుసు. ఇంతవరకూ దాని అవసరమే రాలేదు. "పదవీకాలం మొదలయ్యేలోపు తేలకపోతే, తేలేదాకా ఉపాధ్యక్షుడే అధ్యక్షుడి పని చూస్తాడు."

అందరం ఓల్గా వైపు చూశాం.

"నేనా?" అంది ఓల్గా. "అయితే ముందు ఆ హీటరు పెంచండి. పదేళ్ల నుంచీ గడ్డకట్టిపోతున్నాను."

హీటరు పెంచారు. ఆ వారమే ఓల్గా పేకాటని పక్కగదిలోకీ, డాన్సుని హాల్లోకీ పంపింది. రెండూ ఒకేసారి జరగొచ్చని రూడీకీ డార్లీన్‌కీ తోచనే లేదు. మళ్లీ ఓటింగు పెడదామని ఇప్పటికి రెండేళ్లయినా ఎవరూ అడగలేదు, రూడీతో సహా.

ఆ రోజు ఇంటి వాకిట్లో కారు ఆపాక ఎల్డన్ అన్నాడట: "పాఠం బాగా చెప్పావు వెర్నా. అందరూ విన్నారు." ఇది నాకు వెర్నాయే చెప్పింది. చెబుతూ కళ్లజోడు తీసి, మరకేమీ లేకపోయినా చాలాసేపు తుడిచింది.