నూనె తాగిన కన్సర్టీనాతో వఫ్రాకు

కువైట్‌లో శుక్రవారం పూట వఫ్రాకు పోయేవాళ్లు తాజా కూరగాయల కోసమో, తోటల్లో పనిచేసే తమవాళ్లను చూడటానికో పోతారు. నేను మాత్రం చేసిన తప్పును దిద్దుకోవడానికి పోయాను.

మాది జగిత్యాల దగ్గర. పన్నెండేళ్లుగా ఇక్కడ ఏసీలు బాగుచేస్తున్నాను. సబా అల్ సలేంలో నా గదికి రెండు వీధుల అవతల ఒక పెద్దాయన ఇల్లుంది. ఇంట్లో అందరూ బాబా అంటారు, నేనూ అంతే. చదువుకునే రోజుల్లో ఇంగ్లండులో కొన్న కన్సర్టీనా ఆయన దగ్గరుంది. ఆరు పలకల చిన్న పెట్టె, రెండు వైపులా బొత్తాలు, మధ్యలో తోలు తిత్తి. హార్మోనియానికి చిన్న తమ్ముడనుకోండి. శుక్రవారం సాయంత్రం పిల్లలూ మనవలూ చేరితే ఆయన దాన్ని వాయిస్తారు. మొన్న బుధవారం ఒక బొత్తాం పలకడం మానేసింది. "ఇన్ని మిషన్లు బాగుచేస్తావు, ఇదెంత నీకు?" అంటూ నా చేతిలో పెట్టారు.

ఇదెంత అని నేనూ అనుకున్నాను. బిగుసుకున్న మోటారుకైనా, కీచుమనే ఫ్యానుకైనా నాకు తెలిసిన మందు ఒక్కటే, నూనె. మరలు విప్పితే లోపల ఇత్తడి చట్రాల్లో గాలికి పలికే సన్నని రీడ్లు వరుసగా కనబడ్డాయి. వాటి మీద మనసారా నూనె కొట్టాను. గురువారం సాయంత్రానికి ఆ ఒక బొత్తానికి తోడు ఇంకో ఏడు బొత్తాలు మూగబోయాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

ఆ ఇంట్లో వంట చేసే ఫాతిమమ్మకు ఫోన్ చేశాను. రాయచోటి మనిషి, నన్ను తమ్ముడూ అంటుంది.

"ఏం పని చేసినావు తమ్ముడూ! కాళ్లు పడిపోయినాక ఆయప్పకుండే సంతోషం అదొక్కటే గదా," అంది. మళ్లీ తనే, "మా చిన్నాయన మస్తాన్ వఫ్రాలో దోసకాయల తోటలో ఉండాడు. మా ఊర్లో నాటకాలోళ్ల హార్మోనియాలన్నీ ఆయనే బాగుచేస్తా ఉండె. తెల్లారే పో," అంది.

"బాబా అడిగితే ఏం చెప్తవక్కా?"

"నేనేం చెప్పేది? చేసినోడివి నువ్వు, వచ్చి నువ్వే చెప్పు."

శుక్రవారం ఉదయం ఆరు పదికి పెట్టెను ఒడిలో పెట్టుకుని ఫహాహీల్ బస్సెక్కాను. శుక్రవారం ఉదయం రోడ్లు ఖాళీ, సీటు ఎక్కడంటే అక్కడ. బస్సు గతుకులో పడ్డప్పుడల్లా తిత్తి కదిలి పెట్టెలోంచి ఒక మూలుగు వచ్చేది. పక్క సీటు బంగ్లాదేశీ భాయి రెండుసార్లు ఊరుకుని, మూడోసారి వంగి చెవి పెట్టాడు. "అందర్ బిల్లీ హై క్యా?" అన్నాడు. పిల్లి కాదు, బాజా అన్నాను. జబ్బు పడ్డట్టుందే అని జాలిపడ్డాడు.

ఏడింటికి ఫహాహీల్. మలయాళీ హోటల్లో పరోటా, గుడ్డు కూర, చాయ్. పోదామనుకునేవాళ్లకు ఒక మాట: అక్కడే కడుపునిండా తినండి, ముందు దారిలో ఏమీ దొరకదు. వఫ్రాకు బస్సుల్ని నమ్ముకోవద్దు. బస్టాండు పక్కన తోటల బండ్లు ఆగుతాయి, మనిషికి ఒక దినార్ తీసుకుంటారు. నేను ఏడు నలభైకి నిజామాబాద్ ఆయన నడిపే కూరగాయల వ్యాను ఎక్కాను. "మాపటికి సబా అల్ సలేంల ఉండాలన్నా," అంటే, "రెండు గంటలకు లోడుతోని వాపస్ వస్త. తోట గేటు కాడ నిలబడు. లేటైతే ఆగ, కూరగాయవు కాదు గదా నువ్వు, ఖరాబు కావు," అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ బండి తప్పితే మళ్లీ బండి చీకటిపడ్డాకేనట.

ఎనిమిది యాభైకి తోట గేటు దగ్గర దిగాను. మస్తాన్ చాచా అరవై దగ్గరపడ్డ సన్నటి మనిషి. సలాము కూడా పూర్తి కాకముందే పెట్టె అందుకుని వాసన చూశాడు.

"నూనె కొట్టినావా అబ్బీ?"

తలూపాను.

"రీడుకు గాలి తప్ప ఇంకేం తగలగూడదు. సరే, లోపలికి రా."

తన గదిలో మంచం మీద తెల్లగుడ్డ పరిచాడు. దోసకాయల అట్టపెట్టె మూత మీద ఆరు పలకలు గీసి, ఊడదీసిన ప్రతి మరనూ దాని చోటనే గుచ్చాడు. ఏ మర ఏ కంతదో అదే కంతలోకి పోవాలట. నేను మరలన్నీ చాయ్ గ్లాసులో వేసిన సంగతి చెప్పలేదు. ప్రతి రీడు పక్కనా సన్నని తోలు రెప్ప ఒకటి ఉంటుంది, గాలిని ఒకవైపే పోనిస్తుంది. ఏడు రెప్పలు నూనె తాగి ముడుచుకుపోయాయి. రీడ్లను స్పిరిట్ తడిపిన గుడ్డతో ఒక్కొక్కటే తుడిచాడు కానీ, రెప్పలు పనికిరావన్నాడు. వేరే పలుచని తోలు కావాలి. ఇసుకలో, దోసపాదుల మధ్య తోలెక్కడ దొరుకుతుంది?

ఆయన చూపు నా మణికట్టు మీద ఆగింది. "ఆ పట్టీ తోలుదేనా?"

మా ఆవిడ కొనిచ్చిన గడియారం అది. ఒక్క క్షణం వెనకాడిన మాట నిజం. విప్పి ఇచ్చాను. బ్లేడుతో పట్టీ లోపలి పొరను ఉల్లిపొరంత పలుచగా చీరి, ఏడు రెప్పలు కోసి అతికించాడు. గడియారం నా జేబులోకి పోయింది.

తర్వాత మొదట మూగబోయిన బొత్తాం సంగతి చూశాడు. దాని రీడు చట్రాన్ని గోటితో కదిపితే కదిలింది.

"దీనికి నూనె లేక గాదు. కొయ్య ఎండి కుంచించుకపోయింది, చట్రం వదులైంది. గాలి పక్కనుంచి జారిపోతాంటే ఇదేం పలుకుతుంది? ఆయన పెట్టె యాడ పెడతాడు?"

"హాల్ల, ఏసీ కింద."

"ఎంతలో పెట్టినావు ఏసీ?"

"పద్దెనిమిది." ఆ మాట అంటుంటేనే నాకు వెలిగింది. నూనె రోగమే కాదు, అసలు రోగమూ నేను తెచ్చిందే. పోయిన నెలే గాలి సూటిగా బాబా కుర్చీ మీద పడేలా రెక్కలు వంచి, మంచి పని చేశానని మురిసిపోయాను.

చాచా సన్నని కాగితం ముక్క చట్రం పక్కన దూర్చి బిగించాడు. జిగురు ఆరడానికి రెండు గంటలు పడుతుందని చెప్పి జుమా నమాజుకు పోయాడు. నేను పెట్టెకు కాపలా కూర్చున్నాను. తిరిగొచ్చాక దోసకాయ పప్పు, అన్నం పెట్టాడు. అంత కమ్మటి పప్పు ఈ మధ్య తినలేదు. ఒంటిగంటకు మరలు బిగించి, తిత్తి లాగి ఒక బొత్తాం నొక్కాడు. పలికింది. తిత్తి మూస్తూ అదే బొత్తాం నొక్కితే ఇంకో స్వరం వచ్చింది.

"ఇదేందబ్బా, లాగితే ఒక మాట, తోస్తే ఒక మాట! మన హార్మోనియమే నయం, మాట మీద నిలబడుతుంది," అని నవ్వాడు. వెతుక్కుంటూ వెతుక్కుంటూ చివరికి నాటకాల పద్యం ఎత్తుగడ ఒకటి పట్టుకున్నాడు. పక్క గదుల వాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కళ్లు మూసుకుని వాయిస్తుంటే ఆయన ముఖం చూసి నాకు చాలా సంతోషమైంది.

"కొనేటప్పుడు గూడా గుర్తు పెట్టుకో. బొత్తాం నొక్కకుండా ఒక పక్క పట్టుకుని యాలాడదీయి. తిత్తి దానంతటది జారిపోతే కొనొద్దు," అన్నాడు. డబ్బు తీసుకోలేదు. "ఆయన వాయించేటప్పుడు నాకు ఫోన్ చెయ్యి, చాలు."

రెండుకు ఐదు నిమిషాల ముందు గేటు దగ్గరున్నాను. దోసకాయల బుట్టల మధ్య కూర్చుని మూడుంబావుకు ఫహాహీల్, అక్కడ బస్సు పట్టుకుని నాలుగున్నరకు సబా అల్ సలేం చేరాను. ఈసారి తిత్తి కదలకుండా చాచా బెల్టు వేసి పంపాడు, పెట్టె మూలగలేదు.

హాల్లో అప్పటికే పిల్లలు చేరారు. గుమ్మం దగ్గర ఫాతిమమ్మ నా ముఖం చూసి, పక్కకు జరిగి దారిచ్చింది. పెట్టెను బాబా ఒడిలో పెట్టి, నాకొచ్చిన అరబ్బీలో అంతా చెప్పేశాను: నూనె కొట్టింది నేనే, ఏడు బొత్తాలు చంపింది నేనే, మొదటిది పోవడానికి కారణమైన చల్లగాలి కూడా నాదే.

ఆయన పెట్టెను చేతుల్లోకి తీసుకున్నారు. ఒక్కో బొత్తామూ నొక్కి చూశారు. మూగబోయినవి పలికినప్పుడల్లా నా వైపు చూశారు. తర్వాత తలెత్తి పైన ఏసీని చూశారు.

"బన్నిద్!" అన్నారు, ఆపెయ్యమని.

మనవలు లబోదిబోమన్నారు. బయట నలభై డిగ్రీలు. నేను పోయి ఆపేశాను. గదిలో చప్పుడు ఆగింది, బాబా పక్క కుర్చీ చూపించి నన్ను కూర్చోమని, వాయించడం మొదలుపెట్టారు. నేను వఫ్రాకు ఫోన్ కలిపి పట్టుకున్నాను. అవతల చాచా ఊపిరి మాత్రం వినబడింది. పిల్లలు పుస్తకాలతో విసురుకుంటూనే విన్నారు. బాబా నుదుటి మీంచి చెమట కారుతున్నా తుడుచుకోలేదు.

ఆరింటికి గదికి నడుస్తూ అలవాటుగా మణికట్టు చూసుకున్నాను, ఖాళీగా ఉంది. ప్రయాణం మొత్తం మీద నాకు మిగిలిన మాట ఇంతే: పన్నెండేళ్లుగా ఈ దేశంలో ఇళ్లు చల్లబరిచి బతుకుతున్నాను, ఒక ఇంట్లో ఏసీ ఆపాక నన్ను కూర్చోమన్నది మాత్రం ఈ రోజే.