మస్తాన్ చేప ఎందుకు తప్పిపోయింది

2022 నాటికి నరసరావుపేటలో నేను కొట్టు పెట్టి పద్దెనిమిదేళ్ళు. వలలు, గాలాలు, నైలాన్ దారం అమ్ముతాను. సముద్రం మాకు రెండు గంటల దూరం. అయినా ఆదివారాలు టెంపో మాట్లాడుకుని బాపట్ల వైపు తీరానికి గాలం వేయడానికి పోయే గుంపు ఒకటి మా ఊళ్ళో ఉంది. నేనూ అందులో ఒకణ్ణి. మా గుంపులోనే మోటార్లకు వైండింగ్ చేసే మస్తాన్, ఆ ఏడాది వేసవిలో, దారం చుట్టే రీల్ తిప్పడం చేతకాక పెద్ద పండుగప్ప చేపను పోగొట్టుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది నేను. అది అబద్ధం.

మా గుంపుకు ఎర అంటే బతికున్న రొయ్యే. కాలవలో పట్టిన రొయ్యల్ని బకెట్లో వేసి, బ్యాటరీతో నడిచే గాలి పంపు పెట్టి తీసుకెళ్ళేవాళ్ళం. సగం దారిలోనే చచ్చేవి. మంచినీళ్ళ రొయ్యలు కాబట్టి మిగిలినవి ఉప్పునీళ్ళలో పడగానే గిలగిలా కొట్టుకుని ఊరుకునేవి. ఆ పంపు బాగుచేసేది మస్తానే. ఒకరోజు విసుగొచ్చి అన్నాడు.

“చచ్చిన రొయ్యకీ ప్లాస్టిక్ చేపకీ తేడా ఏందన్నా? ప్లాస్టిక్‌ది కనీసం కదిలిద్ది.”

గుంపుకు పెద్ద జేమ్స్ మాస్టారు. ఆయన పగలబడి నవ్వారు. “ఒరేయ్, నీకు ప్లాస్టిక్ బిర్యానీ పెడితే తింటావంట్రా?”

“తినను మాస్టారూ. మూతి ముందు ఆడిస్తే కోపమొచ్చి కొరుకుతా. చేపా అంతే.”

“సరే, వచ్చే ఆదివారం కొరికించు. లేకపోతే టెంపోలో నీ సీటు ఇంకొకళ్ళకిస్తాం.”

మస్తాన్ ఒప్పుకున్నాడు. లూర్ కోసం నా కొట్టుకే వచ్చాడు. లూర్ అంటే చేప ఆకారంలో చేసిన ఉత్తుత్తి ఎర. రీల్ తిప్పితే నీళ్ళలో మునిగి, దెబ్బ తిన్న చేపలా వంకరటింకరగా ఈదుతుంది. దాని కడుపు కింద ట్రెబుల్ హుక్‌లు, అంటే మూడు మొనల కొక్కేలు, వేలాడతాయి. సముద్రానికి చేసిన లూర్లకు ఇవి లావుగా ఉంటాయి. మాచర్ల వైపు నుంచి వచ్చి కొరమీను కోసం కొనేవాళ్ళు ఆ బరువుకు లూర్ సరిగా ఆడటం లేదనేవారు. దాంతో నేను డబ్బాలోని లూర్లన్నిటికీ లావు హుక్‌లు పీకేసి సన్నవి తగిలించాను. సముద్రానికని కొన్ని విడిగా ఉంచాలని తోచలేదు.

మస్తాన్ హుక్‌ను వేలితో తడిమి చూశాడు. “సన్నంగా లేదా అన్నా?”

“పద్దెనిమిదేళ్ళ నుంచి అమ్ముతున్నా. నాకే చెప్తావా?”

డబ్బులిచ్చాడు. తీసుకుపోయాడు.

ఆదివారం ఉదయం, పోటు ఎక్కుతుండగా, ఏరు సముద్రంలో కలిసేచోట నిలబడ్డాం. మా రొయ్యల్ని ఏ చేపా ముట్టలేదు. మస్తాన్ లూర్ విసరడం, నాలుగు చుట్లు తిప్పి ఆపడం, మళ్ళీ తిప్పడం. ఒక్కసారి గాలం రాడ్ విల్లులా వంగింది. పండుగప్ప నోరు తెరిచి నీళ్ళ మీదికి ఎగిరింది. అందరం చూశాం. మాస్టారు కేకలు పెట్టారు. “వదలమాకరా! చానా పెద్దది!”

అతను వదల్లేదు. చేప లాగినప్పుడు దారం ఇచ్చాడు, అలిసినప్పుడు చుట్టాడు. పావుగంట ఎక్కడా తొందరపడలేదు. మోకాలి లోతు నీళ్ళలోకి తెచ్చాడు. అక్కడ చేప తప్పించుకుని దారం తేలిపోయింది.

దగ్గరున్నది నేనే. పరుగున పోయి లూర్ అందుకున్నాను. హుక్ రెండు మొనలు సూదుల్లా తిన్నగా సాగిపోయి ఉన్నాయి. గుంపుకు వీపు తిప్పి దాన్ని గుప్పిట్లో మూశాను.

“ఏమైందిరా?” మాస్టారు అడిగారు.

“దారం వదులు చేశాడు. జారిపోయింది.”

మస్తాన్ నా వైపు చూశాడు. “నేను వదల్లేదన్నా.”

“వదిలావ్. నేను చూశా.”

హుక్ సాగిందని తెలిస్తే నా కొట్లో గాలం ఎవరు కొంటారన్న భయంతో అన్న మాట అది. మస్తాన్ సీటు పోయింది. సముద్రంలో ప్లాస్టిక్ పనికిరాదని గుంపు తేల్చేసింది. కొనడానికి వచ్చినవాళ్ళకు నేనూ రెండేళ్ళు అదే చెప్పాను.

కిందటేడు అలాంటి లూర్‌కే లావు హుక్‌లు తగిలించి ఒక్కణ్ణే వెళ్ళాను. పండుగప్ప పడింది. హుక్ చెక్కుచెదరలేదు. మర్నాడు మస్తాన్ షాపుకు పోయి జరిగింది చెప్పాను. అతను రాగితీగ చుడుతున్నాడు. చుట్టు పూర్తయ్యేదాకా తల ఎత్తలేదు.

“దారం వదులైతే నా చేతికి తెలవదా? నాకెందుకు చెప్తున్నావ్? వాళ్ళకి చెప్పు.”

చెప్పాను. మాస్టారు చిరాకుపడ్డారు. “అయిపోయినదాన్ని ఎందుకు తవ్వుతావురా శీనా? కొట్టు మూసుకుంటావా?”

“మూతపడితే పడనీయండి. మనం ఉత్తపుణ్యానికి వాడి సీటు లాక్కున్నాం.”

ఎవరూ బయట నోరు విప్పలేదు. అందుకే రాస్తున్నాను. తవ్వొద్దన్నవాళ్ళు కూడా చదువుకోవచ్చు. సముద్రంలో లూర్ పనిచేస్తుంది. ఆ రోజు మా అందరిలో సరిగా గాలం వేసినవాడు మస్తాన్ ఒక్కడే. చేపను పోగొట్టింది నేను అమ్మిన హుక్, అతని పేరు పోగొట్టింది నా నోరు. కాదనేవాళ్ళు కొట్టుకు రండి, అందరి ముందూ ఇదే చెబుతాను.

కొనేవాడు సరుకు మీద అనుమానం పడితే, నా అనుభవం ఎన్నేళ్ళో చెప్పడం జవాబు కాదని నేర్చుకున్నాను. ఇప్పుడు పటకారు చేతికిచ్చి, హుక్ వంచి చూసుకోమంటాను. సీటు మళ్ళీ ఇస్తామంటే మస్తాన్ రానన్నాడు. తన బండి మీద ఒక్కడే తీరానికి పోతున్నాడు. లూర్లు ఎక్కడ కొంటున్నాడో తెలియదు. నా కొట్లో మాత్రం కాదు. కొనమని అడిగే మొహం నాకు లేదు.