తాతయ్యకి మొలిచిన మీసం

మా నాన్నకి వాస్తు పిచ్చి. విజయనగరంలో మా కిరాణా కొట్టులో కందిపప్పు బస్తా ఏ మూల ఉండాలో కూడా వాస్తే చెప్పాలి. అలాంటి మనిషి ఉన్న ఇంట్లో ఏసీ పెట్టించాను చూడండి, నన్ను అనాలి.

గరివిడిలో నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఎండలకి నాన్నమ్మ ఉడికిపోతోందని జాలిపడి ఆవిడ గదికి కొన్నాను. బిగించడానికి వచ్చిన మెకానిక్, నీళ్ల గొట్టం వెనక గోడలోంచి బయటికి తీస్తానన్నాడు. అది నైరుతి. నాన్న గుండె పట్టుకున్నంత పని చేశారు.

"నైరుతిలోంచి నీళ్లు బయటికా? ఇంకేటుంది, లక్ష్మి కూడా ఆ గొట్టంలోంచే ఎల్లిపోతాది. ఈశాన్యానికి తిప్పు."

"అటు ఎల్లాలంటే గొట్టం గుమ్మం మీంచి ఎక్కాలి బాబూ. నీళ్లు ఎత్తుకి ఎక్కవు."

"నువ్వు తిప్పు. అయ్యే ఎల్తాయి."

మెకానిక్ నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. గొట్టం గుమ్మం ఎక్కింది గానీ నీళ్లు ఎక్కలేదు. వెనక్కి తిరిగొచ్చి తాపీగా గోడ మీంచి దిగడం మొదలెట్టాయి. నెల తిరిగేసరికి గోడంతా నల్లటి బూజు. నాన్న మాత్రం, వాస్తు మీద మాట పడకూడదని, దాన్ని "కాస్త చెమ్మ" అనేవారు. నేను రోజూ బ్లీచింగ్ నీళ్లతో ఆ కాస్త చెమ్మనీ తుడిచి, తుమ్ముకుంటూ బస్సెక్కేదాన్ని.

ఆ గోడకే తాతయ్య ఫొటో ఉండేది. ఆయనకి ఉన్నది అదొక్కటే. నాన్నమ్మకి చూపు సరిగా ఆనదు, అయినా పొద్దున్నే మంచం మీంచే దాంతో రెండు మాటలు మాట్లాడితే గానీ కాఫీ ముట్టదు.

తాతయ్య తద్దినానికి నాలుగు రోజుల ముందు ఫొటో తుడుద్దామని దించి చూస్తే ఏముంది! జన్మలో మీసం పెంచని మనిషికి మీసం మొలిచింది. అద్దం లోపల, సరిగ్గా ముక్కు కింద, బూజు. కుడివైపు మెలి కూడా తిరిగింది. ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఫ్రేములు కట్టే ఆయన దగ్గరికి పరిగెత్తాను.

"ఫొటో అద్దానికి అతుక్కుపోయినాదమ్మా. లాగితే మొహం అద్దానికే ఉండిపోతాది" అన్నాడాయన.

ఇంటికొచ్చి నాన్నకి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "నప్పిందే" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇది మీ ఈశాన్యం చలవే నాన్నా! నాన్నమ్మకి ఏం చెప్తారో చెప్పుకోండి."

అప్పుడు దిగింది ఆయన మొహం. ఆఖరికి ఇద్దరం కలిసి, లావుపాటి బంతిపూల దండ తెచ్చి ముక్కు దాకా కప్పేద్దామని తీర్మానించాం.

తద్దినం నాడు పంతులుగారు వెళ్లాక నాన్నమ్మ వచ్చి ఫొటో ముందు కూర్చుంది. చేత్తో తడిమి చూసింది.

"ఏటే ఇది? మీ తాత నోటికి గుడ్డ కట్టినట్టు దండేసినారు! ఊపిరాడొద్దా? తియ్యి."

"ఉండనీ నాన్నమ్మా, పూలు బాగున్నాయి కదా."

"తియ్యమంటంటే!"

తనే దండ లాగేసి, ఫొటో ఒళ్లోకి తీసుకుని, ముక్కు తగిలేంత దగ్గరగా చూసింది. నాన్న మెల్లగా పెరట్లోకి జారుకోబోయారు. నాన్నమ్మ భుజాలు కదులుతున్నాయి. అయిపోయింది, ఏడుస్తోందనుకున్నాను. తీరా చూస్తే నవ్వుతోంది.

"పెళ్లైన కొత్తలో మీసం పెంచుతానని ఒకటే గోల. గుచ్చుకుంటాదని నేనే వద్దన్నాను. బతికినన్నాళ్లూ మళ్లీ ఆ ఊసెత్తలేదు, పాపం." అద్దం మీద ఆ మీసాన్ని వేలితో నిమిరింది. "ఎంత బాగున్నారో సూడు. పెంచుకోనివ్వాల్సింది."

నాన్న గుమ్మంలోనే ఆగిపోయారు. కండువాతో కళ్లు తుడుచుకున్నారు.

"రేపే మెకానిక్‌ని పిలుస్తానమ్మా. గొట్టం నైరుతికే తీయించేస్తాను" అన్నారు.

"అప్పుడే వద్దురా" అంది నాన్నమ్మ, ఫొటో మీంచి కళ్లు తిప్పకుండా. "ఎడంపక్క ఇంకా కొంచెం రావాలి."