కింద బార్, పైన ఫ్యామిలీ

తూంకుంటలో మా కాలనీ మలుపు దగ్గర, కరీంనగర్ రోడ్డు మీదే, ఒక బార్ అండ్ రెస్టారెంట్ ఉంది. కింద బార్, పైన ఏసీ వేసిన ఫ్యామిలీ సెక్షన్. కింది తలుపు పక్కన గోడకు తగిలించిన బోర్డు మీద రెండు వాక్యాలున్నాయి. ఇరవై ఒక్క ఏళ్లు నిండని వారికి మద్యం అమ్మబడదు అన్నది మొదటిది. రంగు వెలిసి, ఎవరూ చదవక, గోడలో కలిసిపోయింది. పిల్లలకు లోనికి ప్రవేశం లేదు అన్నది రెండోది. దాని ఎరుపు ఇంకా తగ్గలేదు. ఆ రెండో వాక్యం అక్కడికి వచ్చింది నా అర్జీ వల్ల.

మాది కోస్తా జిల్లా. నేను బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరై ఇక్కడ ఇల్లు కట్టుకున్నదాన్ని. చిన్నప్పుడు మా ఊరి గ్రంథాలయంలో ఆదివారం ఆదివారం చర్చలు జరిగేవి. దేవుడున్నాడా, కులం ఎందుకు, వితంతువు బొట్టు పెట్టుకుంటే తప్పేమిటి. మా నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవారు. ఆ సభలకు ఒక నియమం ఉండేది. ఎవరి మాటను ఖండిస్తున్నామో వాళ్లు ఎదుట ఉండాలి. వాళ్లు రాకపోతే కుర్చీ ఖాళీగా ఉంచి, సభ వాయిదా వేసేవారు. లేనివాడి మీద గెలవడం గెలుపు కాదనేవారు నాన్న. ఆయన చెప్పినవాటిలో మిగిలినవన్నీ నేను పాటించాను. నలభై ఏళ్లుగా పత్రికలకు వ్యాసాలు రాస్తున్నాను. బాబాలను వదల్లేదు, ముహూర్తాలను వదల్లేదు. నా వ్యాసాల వల్ల ఒక్క ముహూర్తం కూడా ఆగలేదు, అది వేరే సంగతి.

మా ఇంట్లో గిన్నెలు తోమి, ఇల్లు తుడిచే ఆమెకు ఒక్కతే కూతురు. ప్రభుత్వ హైస్కూల్లో ఎనిమిదో తరగతి. ఆమె భర్త మేడ్చల్ వైపు ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పొద్దుటి షిఫ్టు. మధ్యాహ్నం రెండింటికి వదిలితే, మూడు గంటలకల్లా మా మలుపు దగ్గర ఆటో దిగేవాడు. దిగి, రోడ్డు దాటి ఇంటికి పోవడానికి బదులు, ఇవతలి పక్కనే ఉన్న బార్లోకి పోయేవాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఆ పిల్లను నేను అక్కడ మొదటిసారి చూసింది మా తమ్ముడి మనవడి పుట్టినరోజు నాడు. ఏడేళ్ల వాడు. వాడికి ఫ్రైడ్ రైస్ కావాలన్నాడని అందరం ఆ పైన ఫ్యామిలీ సెక్షన్‌కు వెళ్లాం. మా తమ్ముడు, వాళ్ల అల్లుడు బీర్లు తెప్పించుకున్నారు. పక్క బల్లల మీదా అంతే, నాన్నల ముందు సీసాలు, పిల్లల ముందు ఐస్‌క్రీములు. సాయంత్రం నాలుగున్నర అయివుంటుంది. చేయి కడుక్కుని మెట్ల దగ్గరికి వచ్చి కిందికి చూశాను. స్కూలు యూనిఫాంలో, రెండు జడలతో, భుజాన సంచితో ఒక పిల్ల బార్ తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. లోపల ఎవరో అరిచారు.

"ఓ అన్నా, నీ ఇన్‌స్పెక్టర్ అచ్చింది. ఇగ లెవ్వు."

నవ్వులు వినిపించాయి. కాసేపటికి పిల్ల బయటికి వచ్చింది. చేతిలో స్టీలు సద్ది గిన్నె. దాని వెనక ఒక మనిషి. తూలుతున్నాడు గానీ గిన్నె ఎటు పోతే అటే వస్తున్నాడు. రోడ్డు ఎక్కగానే పిల్ల లారీలు వచ్చే వైపుకు తను మారింది, అతన్ని లోపలి వైపుకు నెట్టింది. డివైడర్ సందు దాకా అలాగే నడిచి, చేయి ఎత్తి బండ్లను ఆపి, దాటించింది.

నాకు ఒళ్లు మండిపోయింది. పదమూడేళ్ల పిల్ల, తాగుబోతుల మధ్యకు! ఆ రాత్రే అర్జీ రాశాను. ఎక్సైజ్ ఆఫీసుకు ఒకటి, బాలల హక్కులు చూసేవాళ్లకు ఒకటి. నా జీవితంలో నేను రాసినవాటిలో అంత బాగా కుదిరిన రచన మరొకటి లేదు. చట్టం ఏమంటోందో రాశాను. రాజ్యం సారా మీద బతుకుతూ పిల్లల గురించి మాట్లాడటం ఎంత సిగ్గుచేటో రాశాను. పిల్ల ఎవరో, ఎందుకు వెళ్లిందో మాత్రం కనుక్కోలేదు. ఆ పిల్ల తల్లి మర్నాడు పొద్దున్నే మా వంటింట్లోనే ఉంది. నేను అర్జీకి కవరు అంటిస్తున్నాను.

వారం తిరక్కుండా ఎక్సైజ్ అధికారి ఒకాయన బార్‌కు వచ్చాడు. నన్ను పిలిపించి, ఎదురుగానే యజమానిని గద్దించాడు. పిల్లలు లోపల కనిపిస్తే లైసెన్సు పోతుందన్నాడు. పెయింటర్‌ను రప్పించి రెండో వాక్యం రాయించాడు. అది ఆరుతుండగా నా వైపు తిరిగి నవ్వుతూ అడిగాడు.

"పైన గూడ రాయియ్యమంటరా మేడం? పైన మొత్తం మీ కాలనీ పిల్లలే ఉంటరు మరి."

పైన పిల్లలు తల్లిదండ్రులతో కలిసి భోజనానికి వస్తారు కదా, అది వేరు అన్నాను. ఆయన తలూపాడు. అదే వంటగది, అదే లైసెన్సు, అదే సీసా. ఆ పిల్ల కూడా తండ్రి కోసమే వచ్చింది. ఇంత తేలిక తర్కం నాకు ఆ క్షణాన తట్టలేదు. ఎదుటివాళ్ల వాదంలో అయితే దూరం నుంచే పట్టేసేదాన్ని.

కాలనీ సంఘం వాళ్లు నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత పనామె గిన్నెలు తోముతూ తల ఎత్తకుండానే అడిగింది, అర్జీ మీరే రాసిన్రంట గదా అని. అవునన్నాను, కొంచెం గర్వంగానే. అప్పుడు చెప్పింది ఆ పిల్ల తన కూతురని. పెళ్లయిన కొత్తలో ఒకసారి తనే లోపలికి వెళ్లి పిలిచిందట. అందరి ముందు పరువు తీశావని అక్కడే జుట్టు పట్టుకున్నాడట. ఇంటి వరకూ కొట్టుకుంటూ తీసుకొచ్చాడట. బిడ్డ మీద మాత్రం ఎన్నడూ చెయ్యెత్తలేదు. నాలుగో తరగతి నుంచి ఆ పిల్లే వెళ్లి తీసుకొస్తోంది. వెళ్లి మాట్లాడేదేమీ ఉండదు. ఆయన పనికి అన్నం తీసుకెళ్లే సద్ది గిన్నె బల్ల మీంచి తీసుకుని నడుస్తుంది. ఆయన లేచి వెనకే వస్తాడు. నాలుగున్నరకు లేస్తే నాలుగున్నర వరకే తాగుడు.

తండ్రి తాగుడుకు పిల్లను కాపలా పెట్టడం తప్పు కాదా అని అడిగాను. అది సరైన ప్రశ్నే. ఇప్పటికీ సరైన ప్రశ్నే. ఆమె చేతిలోని పీచు ఆపింది.

"తప్పే మేడం. తప్పని నాకు తెల్వదా, మీరు చెప్తెనే తెలుస్తదా? గని నన్నొక్క మాట అడగాల్సుండె. మీ ఇంట్లనే ఉంటి గదా."

నేను ఏదో అన్నాను. చట్టం అందరికీ ఒకటేనని, కౌన్సెలింగ్ కేంద్రం ఉందని, నంబరు కనుక్కుని ఇస్తానని. ఆమె పీచు మళ్లీ తీసుకుంది.

పిల్ల రావడం మానలేదు. బడి వదలగానే వచ్చి బోర్డు కింద నిలబడేది. వాచ్‌మన్ లోపలికి పోనిచ్చేవాడు కాదు. పోనిస్తే అతని కొలువు పోతుంది. లోపలికి వెళ్లేవాళ్లను పిల్ల బతిమాలేది, మా నాయినకు జర చెప్పుండ్రి అని. ఒకరిద్దరు చెప్పేవారు. చెప్తే లేచే మనిషి కాదతను, గిన్నె కదిలితే లేచే మనిషి. నాలుగున్నర అయిదున్నర అయింది, ఆరయింది. ఇన్‌స్పెక్టర్ సస్పెండ్ అయిందని లోపలివాళ్లు నవ్వుకునేవారని తర్వాత వాచ్‌మన్ చెప్పాడు.

ఒకరోజు మందుల షాపు నుంచి వస్తూ నేను ఆ పిల్లకు ఎదురుపడ్డాను. నన్ను గుర్తుపట్టి దగ్గరకొచ్చింది. అర్జీ సంగతి దానికి తెలుసు. ముఖంలో కోపమేమీ లేదు.

"మేడం, మీరు పెద్దోళ్లు గదా, మిమ్ముల ఆపరు. జర లోపటికి పోయి మా నాయిన గిన్నె పట్టుకస్తరా? మీరేం మాట్లాడొద్దు. గిన్నె లేపితె సాలు, ఆయనే అస్తడు."

తలుపు అక్కడికి పది అడుగులు.

"నేనెలా వెళ్తానమ్మా అలాంటి చోటికి? నువ్వు కూడా ఇక్కడ నిలబడకూడదు. ఇంటికెళ్లి చదువుకో, నేను మళ్లీ రాస్తాలే."

పిల్ల సరే మేడం అంది. ఇంటికి వెళ్లలేదు. వెళ్లి బోర్డు కిందే నిలబడింది.

తర్వాత ఆరు రోజులకు జరిగింది. మబ్బు పట్టిన సాయంత్రం, ఇంకా వెలుతురుంది. బార్ ముందు బీరు పెట్టెల వ్యాను ఆగి సరుకు దింపుతోంది. ముందు తలుపుకు పెట్టెలు అడ్డం ఉన్నాయని, లేచి వస్తున్న మనిషిని పనివాళ్లు బండ్లు పెట్టే పక్క గేటు నుంచి బయటికి పంపారు. పిల్ల వ్యానుకు ఇవతల నిలబడి ముందు తలుపునే చూస్తోంది. అవతల తండ్రి ఒక్కడే రోడ్డెక్కాడు. డివైడర్ సందు దాకా కూడా పోలేదు. జనం పరుగెత్తుతుంటే పిల్ల కూడా పరుగెత్తింది. ఇసుక టిప్పర్ కొంచెం ముందుకు పోయి ఆగివుంది. ఆస్పత్రికి తీసుకెళ్లే అవసరం కూడా లేకపోయింది.

మర్నాడు వాళ్ల గుడిసె ముందు కూర్చున్నవాళ్లందరూ ఒకటే మాట అన్నారు. ఆయన నొసట గంతే ఉంది, ఎవరేం జేస్తరు అని. నన్ను చూసి కూడా అదే అన్నారు, ఓదార్చినట్టు. నొసటి రాత అన్న మాటను నేను జీవితమంతా కొట్టిపారేశాను. ఇప్పుడు వాళ్లు దయతో నాకు అందిస్తుంటే తీసుకోవడానికి లేదు. కారణం లేకుండా కార్యం ఉండదని నమ్మేదాన్ని. కారణాలు వరసగా నాకు కనిపిస్తూనే ఉన్నాయి. తాగుడు ఉంది, తాగించే ప్రభుత్వం ఉంది, దాటడానికి వంతెన లేని రోడ్డు ఉంది. వాటి పేర్లు చెప్పి వ్యాసం రాసేయవచ్చు. ఆ వరసలో నా అర్జీ కూడా ఉంది. దాన్ని తప్పించి రాస్తే ఆ వ్యాసం అబద్ధం.

పిల్లలు బార్లలోకి వెళ్లకూడదన్న నియమం తప్పని నేను ఇప్పుడూ అనను. మెట్ల మీదికి ఎక్కే పిల్లలకు లేని నియమం, మెట్ల కింద నిలబడ్డ పిల్లకు ఎలా వచ్చిందని మాత్రం అడుగుతాను. అడగాల్సిన మొదటి మనిషిని నేనే.

దశదినం అయ్యాక పనామె పనికి వచ్చింది. ఏడవలేదు. సద్ది గిన్నె ఆయన దగ్గర దొరకలేదని, బార్లోనే ఉండిపోయిందని, పిల్ల దాని కోసం రెండుసార్లు పోతే రానియ్యలేదని చెప్పింది. ఎందుకు చెప్పిందో తెలియదు. ఏమీ అడగలేదు. నేను చెప్పులు వేసుకున్నాను.

పిల్ల బోర్డు కింద ఉంది. వాచ్‌మన్ దానికి బోర్డు చూపిస్తున్నాడు. ఓనర్ సీసీ కెమెరాల చూస్తడు పాపా, నన్నేం జెయ్యమంటవ్ అంటున్నాడు. నన్ను చూసి తలుపు తీసి పట్టుకున్నాడు. నన్ను ఎవరూ ఆపలేదు.

లోపల ఏమీ లేదు. ఫ్యాన్లు, పల్లీల ప్లేట్లు, తడి బల్లలు, అలసిపోయిన ఓ పది పన్నెండు మంది. ఒకతను నన్ను చూసి గ్లాసును కుర్చీ కింద పెట్టాడు. ఇంకొకతను కాళ్లు దగ్గరికి తీసుకుని, ఎవల కోసమమ్మా అని మర్యాదగా అడిగాడు. గిన్నె అన్నాను. కౌంటర్ దగ్గరి మనిషి పై అరలోంచి, ఎవరో మరిచిపోయిన హెల్మెట్ పక్కనుంచి దాన్ని దించాడు.

"కడిగి పెట్టినం మేడం. ఎవరన్న అస్తరని సూస్తున్నం."

చేతిలోకి తీసుకుంటే ఏమీ బరువు లేదు. వెనక్కి తిరిగి బయటికి రావడానికి ఎంత సేపు పట్టిందని. రెండు నిమిషాలు కూడా కాదు.

పిల్ల గిన్నె తీసుకుని మూత తిప్పి చూసుకుంది, మళ్లీ బిగించింది. ఇంటి వరకూ వస్తానన్నాను. వద్దనలేదు. రోడ్డు ఎక్కాం. నాలుగడుగులు వేశాక అది నా వెనక నుంచి చుట్టూ తిరిగి లారీలు వచ్చే వైపుకు మారింది, మోచేత్తో నన్ను కొంచెం లోపలికి జరిపింది. ఇటు రా అన్నాను. లారీల చప్పుడులో వినబడలేదేమో. గిన్నె పట్టుకుని అలాగే నడిచింది.